రోడ్డేసే చేతికి పట్టా ఏది?

రాత్రి పదకొండు దాటాక, బళ్లు పలచబడిన టౌను మధ్య రోడ్డు మీద తారు పని నడుస్తుంటే ఓ పది నిమిషాలు ఆగి చూడండి. టిప్పరు వెనక్కి వచ్చి, తారు పరిచే పేవర్ యంత్రానికి ఆనుకుంటుంది. తొట్టి పైకి లేస్తుంది, నల్లటి మాల్, అంటే తారు కలిపిన వేడి కంకర, జారుతుంది. పక్కనే పళ్ల పార పట్టుకుని ఒకతను నిలబడి ఉంటాడు. తలకు తువాలు, కాళ్లకు రబ్బరు చెప్పులు. మాల్ మీద పొగ నీలంగా తిరిగితే ‘మాడింది’ అంటాడు. కుప్ప కుప్పగానే బిగుసుకుని నిలబడితే ‘చల్లారిపోయింది’ అంటాడు. నెయ్యి ఎక్కువైన హల్వాలా పరుచుకుని మెరిసిపోతుంటే ‘తారు ఎక్కువ పడింది’ అంటాడు. తెల్లటి ఆవిరి లేస్తే కంకరలో తడి ఆరలేదని చెబుతాడు.

ఈ నాలుగు మాటలూ ఇంజినీర్లకిచ్చే శిక్షణ పుస్తకాల్లో ఉన్నవే. అతను మాత్రం పుస్తకం ముట్టుకోలేదు. ఏళ్ల తరబడి ఆ సెగలో నిలబడి పట్టుకున్నాడు. అయినా ఆ టిప్పరును వెనక్కి పంపమనే అధికారం అతనికి లేదు. అసలు అతన్ని అడిగేవాళ్లే లేరు.

అతని వెనకాల రోలర్ నడిపే మనిషి జేబులో మాత్రం ఒక కార్డు ఉంటుంది, కనీసం ఉండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే బళ్ల తరగతులు చెబుతూ రోడ్డు రోలర్‌ను విడిగా పేరుపెట్టి రాసింది. రోడ్డు పని చేసే ముఠా మొత్తంలో చట్టం గుర్తుపెట్టుకుని కార్డు అడిగింది బండి నడిపేవాళ్లనే. ఆ కార్డయినా చెప్పేది అతనికి రోలర్ నడపడం వచ్చని. పొర ఎంత వేడి మీద ఉండగా తొక్కించాలో, ఏ అంచు నుంచి మొదలుపెట్టాలో వచ్చని కాదు.

దేశంలో రోడ్ల మొత్తం పొడవు 63 లక్షల కిలోమీటర్ల పైమాట. అందులో జాతీయ రహదారులే దాదాపు 1.46 లక్షల కిలోమీటర్లు. ఇంత పని చేస్తున్న చేతులకు ఎవరు నేర్పారు, నేర్చుకున్నారని ఎవరు ఒప్పుకున్నారు, ఒప్పుకుంటే వాళ్లకు ఏం ఒరిగింది? ఈ మూడు ప్రశ్నలనూ ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

నాలుగింటికి కాగితం, ఐదోదానికి లేదు

రోడ్డు పని టెండరు తీసి చదివితే అర్హత అనే మాట ఎన్నోసార్లు కనిపిస్తుంది. మొదటి అర్హత కాంట్రాక్టరుది. తెలుగు రాష్ట్రాల్లో స్పెషల్ క్లాసు నుంచి ఐదో క్లాసు దాకా రిజిస్ట్రేషన్ ఉంది. ఎంత విలువైన పనికి ఎవరు టెండరు వేయొచ్చో క్లాసును బట్టి తేలుతుంది. గతంలో చేసిన పనులు, టర్నోవరు, బ్యాంకు గ్యారంటీ, అన్నీ చూస్తారు. రెండోది యంత్రాలది: హాట్ మిక్స్ ప్లాంటు, పేవర్, రోలర్లు సొంతమా, అద్దెవా అని అడుగుతారు. మూడోది సరుకుది. తారు ఏ గ్రేడు, కంకర ఎంత గట్టి, మొరంలో మట్టి పాలెంత, ప్రతిదానికీ ల్యాబు రిపోర్టు ఉండాల్సిందే. నాలుగోది ఇంజినీరుది. సైటులో ఇంతమంది డిగ్రీవాళ్లు, ఇంతమంది డిప్లొమావాళ్లు ఉండాలని రాస్తారు.

ఐదోది చేతిది. తారు పరిచేవాళ్లు, అంచు సర్దేవాళ్లు, జెండా పట్టుకుని బళ్లను ఆపేవాళ్లు, గొయ్యి తవ్వేవాళ్లు. వీళ్ల సంగతికి వచ్చేసరికి చాలా టెండర్లలో ‘తగిన నైపుణ్యం గల కార్మికులను వినియోగించవలెను’ అన్న ధోరణిలో ఒక వాక్యం ఉండి ఊరుకుంటుంది. తగినది అంటే ఎంత, దాన్ని తేల్చేదెవరు అన్నది ఎక్కడా ఉండదు. కంకర రాయిని పరీక్షకు పంపుతాం, దాన్ని పరిచే మనిషిని గుంపులో కలిపేస్తాం.

గుంపు బడి

ఈ మాటలకు రోడ్డు కూలీలకు ఏమీ రాదని అర్థం తీస్తే పెద్ద పొరపాటు. మన దగ్గర ఈ విద్యకు బడి ఉంది, దాని పేరు గుంపు. రాయి కొట్టడం, మట్టి తవ్వడం, చెరువు కట్ట వేయడం వడ్డెరలు తరతరాలుగా చేతుల్లో దాచుకున్న పని. పాలమూరు లేబరు సంగతి దేశమంతటికీ తెలుసు. కరువు జిల్లా నుంచి గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బయల్దేరినవాళ్లు ఎక్కడెక్కడి ఆనకట్టలు, కాలవలు, రోడ్లు వేశారో లెక్క లేదు. అప్పు, వలస, మేస్త్రీ పెత్తనం ఆ బతుకులో ఒక భాగమైతే, పని నేర్చుకోవడం ఇంకో భాగం. పన్నెండేళ్ల పిల్లవాడు నీళ్లు మోస్తూ వెళ్లి, పదహారేళ్లకు పార పట్టి, పాతికేళ్లకు లెవెలు చూడటం నేర్చుకుని, నలభై ఏళ్లకు తానే మేస్త్రీ అయిన కథలు ఆ ఊళ్లలో ఇంటికొకటి ఉంటాయి.

ప్రభుత్వ శాఖల్లోనూ ఒకప్పుడు ఇలాంటి బడి ఉండేది. ఆర్ అండ్ బీ రోడ్ల మీద గ్యాంగు కూలీలు, వాళ్ల మీద మేస్త్రీ, ఆ పైన రోడ్డు ఇన్‌స్పెక్టరు, ఓవర్సీరు. ఫలానా మైలురాయి నుంచి ఫలానా మైలురాయి దాకా ఒక గ్యాంగుది. వానకు ముందు పక్క కాలవ తీయడం, బెర్ములు, అంటే రోడ్డు పక్క మట్టి అంచులు, సర్దడం, గుంత చిన్నగా ఉన్నప్పుడే పూడ్చడం వాళ్ల పని. ఏ కల్వర్టు దగ్గర నీళ్లు ఎగదంతాయో, ఏ మలుపులో బళ్లు జారతాయో వాళ్లకు తెలుసు. నిర్వహణ కూడా కాంట్రాక్టుల పాలయ్యాక, ఉన్నవాళ్లు రిటైరవుతుంటే ఆ ఖాళీలు నిండక, ఆ బడి మెల్లగా మూతపడింది. దాంతోపాటు రోడ్డు జ్ఞాపకమూ పోయింది.

గుంపు బడికి గొప్ప బలం ఒకటుంది: అక్కడ పనికీ చదువుకీ మధ్య గోడ లేదు. బలహీనతా ఒకటుంది. కంటికి ఆనేదాన్నే అది నేర్పగలదు. మాల్ రంగు, గట్టు వాలు, రాయి పగిలే గీత, ఇవన్నీ చూసి నేర్చుకునేవి. రోడ్డు పనిలో ప్రాణాలు తీసేవి, రోడ్డును ముందే చంపేసేవి మాత్రం చాలావరకు కంటికి ఆనవు. వాటిలో మూడింటిని దగ్గర నుంచి చూద్దాం.

వేడి, వేగం, నేల అడుగు

మొదటిది వేడి. మన దగ్గర ఎక్కువగా వాడే వీజీ-30 తారుతో మాల్ తయారయ్యేటప్పుడు 150 నుంచి 165 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని కేంద్ర రహదారుల శాఖ స్పెసిఫికేషన్లు, 2013 నాటి ఐదో సవరణ, చెబుతున్నాయి. పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు. రోలింగు 90 డిగ్రీలకు పడిపోకముందే ముగియాలి. పై పొర నాలుగు సెంటీమీటర్ల మందమే అయితే, అందులోనూ చలికాలం రాత్రి గాలి వీస్తుంటే, ఆ వేడి నిమిషాల్లో దిగిపోతుంది. తొంభై దాటి చల్లారాక రోలర్ ఎన్నిసార్లు తిరిగినా పైన నునుపు వస్తుందిగాని లోపల రాళ్లు దగ్గరకు చేరవు. ఖాళీలు మిగులుతాయి, వాటిలోకి వాన నీరు దిగుతుంది. ఉదయం చూస్తే అద్దంలా ఉన్న రోడ్డు మొదటి వానకాలంలోనే గుంతలు పడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మనం గుంతను చూసి సరుకును తిడతాం. తప్పు చాలాసార్లు గడియారంలో ఉంటుంది.

రోలర్ నడిపే తీరులోనూ ఇలాంటి కిటుకులున్నాయి. అంచుల నుంచి మధ్యకు రావాలి, ఒకవైపు వాలు ఉన్నచోట పల్లం నుంచి ఎత్తుకు. వేగం గంటకు 5 కిలోమీటర్లు మించకూడదు. వేడి పొర మీద రోలర్ ఆపి బీడీ ముట్టిస్తే అక్కడ పల్లం పడుతుంది, ఆ పల్లంలో నీళ్లు నిలుస్తాయి. ఇక పేవర్ రాకముందే చీపుర్లు పట్టుకుని పాత రోడ్డు ఊడ్చే ఆడవాళ్ల పనిని తీసుకోండి. ముఠాలో అన్నిటికంటే తక్కువ కూలి వాళ్లదే. కానీ దుమ్ము పోకుండా దాని మీద పలచటి జిగురు పూత, అదే ట్యాక్ కోట్, కొడితే అది దుమ్మునే పట్టుకుంటుందిగాని రోడ్డును పట్టుకోదు. పాత తారు పొర మీద ఆ పూత చదరపు మీటరుకు 0.20 నుంచి 0.30 కిలోలు పడాలి. తక్కువైతే అతకదు, ఎక్కువైతే పై పొర జారుతుంది. ఊడ్చింది సరిగా లేకపోతే కొత్త పొర అప్పడంలా లేచి వస్తుంది. ఈ గొలుసులో మొదటి కొక్కెం తన చీపురని ఆమెకు ఎవరూ చెప్పరు. చెప్పి ఉంటే అడిగే కూలి కూడా వేరుగా ఉండేది.

వేడితో ఇంకో ముప్పు ఒంటికి. వేడి తారు చేతి మీద పడితే వెంటనే చల్లని నీళ్లు ధారగా పోయాలి, అంటుకున్న తారును పీకకూడదు, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సైటుల్లో తరచూ జరిగేది దీనికి తలకిందులు. ముందు తారు ఊడబీకుతారు, ఆనక డీజిలుతో తుడుస్తారు. తారుతోపాటు చర్మమూ వస్తుంది. దీన్ని సరిచేయడానికి కోర్సులు అక్కర్లేదు, అరగంట మాట చాలు. ఆ అరగంట కూడా ఎవరి పనిగంటల్లోనూ లేదు.

రెండోది వేగం. పనిచేసే మనిషి వెనక నుంచి వచ్చే బండి వేగం అతనికి కనపడదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఈ సంగతి మీద ఐఆర్‌సీ ఎస్‌పీ 55 అనే మార్గదర్శిని 2001లో ఇచ్చింది, 2014లో సవరించింది. దాని ప్రకారం పని జరిగే చోటు అంటే గొయ్యి ఒక్కటే కాదు. ముందు హెచ్చరిక భాగం, తర్వాత బళ్లను మెల్లగా పక్కకు మళ్లించే భాగం, ఆపైన పని భాగం, చివర మళ్లీ మామూలు దారిలో కలిపే భాగం. బండ్ల వేగం పెరిగేకొద్దీ మొదటి రెండూ పొడుగెక్కాలి. కానీ మన రోడ్ల మీద గొయ్యికి నాలుగడుగుల ముందు రెండు రాళ్లు, ఒక చెట్టు కొమ్మ, మహా అయితే ఖాళీ తారు డ్రమ్ము కనపడతాయి. డ్రైవరుకు అది కనపడేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. ఇక జెండా పట్టుకునే పనికి ముఠాలో వేరే పని చేయలేని ముసలాయననో, ఆ రోజే వచ్చిన కుర్రాణ్నో నిలబెడతారు. వంద టన్నుల ట్రాఫిక్‌ను ఒంటి చేత్తో ఆపాల్సిన మనిషి ముఠాలో అందరికంటే తక్కువ తెలిసినవాడు అన్నమాట. 2022 ఒక్క ఏడాదే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. పనులు జరుగుతున్న చోట్ల ప్రమాదాలను కేంద్ర శాఖ నివేదికలు విడిగా లెక్కగడుతున్నాయి. విడిగా లెక్కపెట్టాల్సినంత జబ్బు అది.

మూడోది నేల అడుగు. నగరంలో రెండు మీటర్లు తవ్వితే తాగునీటి పైపు, మురుగు పైపు, కరెంటు కేబులు, ఫోను తీగ, గ్యాసు లైను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. జేసీబీ పన్ను దేనికి తగిలితే ఆ శాఖ వాళ్లు పరుగెత్తుకొస్తారు. తవ్వేవాళ్లూ, కింద తీగలున్నవాళ్లూ ఒకరికొకరు ముందే చెప్పుకోవడానికి కేంద్రం 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అనే యాప్ తెచ్చింది. మంచి ఆలోచనే. కానీ యాప్ ఆఫీసులో ఉన్నవాళ్ల ఫోనులో ఉంటుంది. గొయ్యిలో ఉన్నవాడి చేతిలో గడ్డపార ఉంటుంది. కేబులు జాడ పట్టే పరికరం ఎలా వాడాలో, అనుమానం ఉన్నచోట యంత్రం ఆపి చేత్తో చిన్న గొయ్యి తీసి చూడాలని అతనికి ఎవరు చెప్పాలి?

ఉన్న శిక్షణ ఎందుకు నిలవలేదు

శిక్షణ సంస్థలే లేవనడం అన్యాయం. ఇంజినీర్ల కోసం నోయిడాలో 1983 నుంచి జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాని పేరు ఇండియన్ అకాడమీ ఆఫ్ హైవే ఇంజినీర్స్. మన హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, అందరూ న్యాక్ అనేది, 1998లో మొదలైంది. తాపీ, ప్లంబింగు, వెల్డింగు లాంటి పనుల్లో వేలమంది కుర్రకారు అక్కడ శిక్షణ పొందారు. 2013 డిసెంబరు 27న జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వచ్చింది. చేతిపనికీ కాలేజీ చదువుకీ ఒకే నిచ్చెన మీద మెట్లు వేయాలన్నది దాని ఉద్దేశం. నిర్మాణ రంగానికి ఒక నైపుణ్య మండలి, జేసీబీ లాంటి యంత్రాలకు వేరే మండలి ఏర్పడి, ఏ పనికి ఏమేం వచ్చి ఉండాలో రాసిపెట్టాయి. 2015 జులై 15న మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇంకో మంచి దారి తెరిచారు. ఇప్పటికే పని వచ్చినవాడిని మళ్లీ క్లాసులో కూర్చోబెట్టకుండా, కొద్ది గంటల ఓరియెంటేషన్ ఇచ్చి, పరీక్షించి, సర్టిఫికెట్ ఇవ్వడం. పళ్ల పార పట్టిన మన మనిషికి అచ్చంగా సరిపోయే దారి.

డబ్బు కూడా లేకపోలేదు. 1996లో వచ్చిన భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం రోడ్డు పనిని కూడా తన కిందికి తెచ్చుకుంది. నిర్మాణ వ్యయంలో ఒక శాతానికి తగ్గకుండా, రెండు శాతానికి మించకుండా సెస్సు వసూలు చేసే ఏర్పాటు అప్పుడే వచ్చింది. ఆ చట్టాన్ని 2020 నాటి లేబరు కోడ్‌లలో కలిపేశారు, సెస్సు మాత్రం కొనసాగుతోంది.

అయితే ఎందుకు నిలవలేదు? మొదటి కారణం కూలి. సర్టిఫికెట్ ఉన్నా లేకున్నా రోజు కూలి ఒకటే అయినప్పుడు, రెండు రోజుల పని పోగొట్టుకుని శిక్షణకు ఎందుకు వెళ్తాడు? వెళ్లినా ఆ కాగితం ఇనప్పెట్టె అడుగున రేషన్ కార్డు జిరాక్సు పక్కన పడుంటుంది. రెండో కారణం కదలిక. నిర్మాణ కార్మికుడిగా నమోదు కావాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి. మూడు నెలలు ఒక రాష్ట్రంలో, నాలుగు నెలలు ఇంకో రాష్ట్రంలో, ఒక్కోచోట ఒక్కో సబ్ కాంట్రాక్టరు కింద ఉన్నవాడికి ఆ 90 రోజులు రాసిచ్చేదెవరు? మూడో కారణం భాష. పాలమూరు మనిషి పొరుగు రాష్ట్రంలో రోడ్డు వేస్తుంటే, మన రోడ్ల మీద ఒడిశా, జార్ఖండ్, బిహార్ కుర్రాళ్లు వేస్తున్నారు. బోర్డు తెలుగులో, ఇంజినీరు మాట సగం ఇంగ్లీషులో, మేస్త్రీ అరుపు హిందీలో. నాలుగో కారణం అన్నిటికీ తల్లివేరు: టెండరు అడగదు. కొనేవాడు అడగని సరుకును ఏ దుకాణమూ పెట్టదు.

ఇక చట్టం దండించే వైపు చూద్దాం. 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైను, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో అంగవైకల్యమో కలిగితే బాధ్యులైన అధికార సంస్థ, కాంట్రాక్టరు, కన్సల్టెంటు మీద లక్ష రూపాయల దాకా జరిమానా. కోట్ల రూపాయల పనిలో లక్ష ఏమంత అన్నది ఒక విమర్శ. నన్నడిగితే అంతకంటే పెద్ద లోటు వేరే ఉంది. ఆ సెక్షన్ మనిషి పోయాక వస్తుంది. పని మొదలయ్యే ముందు ‘ఇక్కడ పని తెలిసినవాడు ఎవరు, చూపించు’ అని అడగదు.

బ్రిటన్ అడిగిన ప్రశ్న

ఆ ప్రశ్నను అడిగిన చట్టం ఒకటుంది. బ్రిటన్‌లో గ్యాసు, నీళ్లు, కరెంటు, ఫోను సంస్థలు వీధులు తవ్వి సరిగా పూడ్చకుండా పోవడం పెద్ద తలనొప్పిగా ఉండేది. మన కాలనీల్లో కేబులు వాళ్లు చేసే నిర్వాకమే. 1950 నాటి చట్టం చాలడం లేదని ప్రొఫెసర్ మైఖేల్ హార్న్ ఆధ్వర్యంలోని కమిటీ 1985లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1991లో న్యూ రోడ్స్ అండ్ స్ట్రీట్ వర్క్స్ చట్టం వచ్చింది. అందులో 67వ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది. వీధి తవ్వే పనిని అర్హత ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షించాలి. మినహాయించిన కొన్ని సందర్భాల్లో తప్ప, పని నడుస్తున్నంతసేపూ అర్హత ఉన్న కార్మికుడు ఒక్కరైనా ఆ చోట ఉండాలి.

ఈ రెండో మాట దగ్గర ఆగాలి. అర్హత కంపెనీ ఫైలులో ఉంటే చాలదు, గొయ్యి పక్కన, ఆ గంటలో ఉండాలి. అర్హతను కూడా ముక్కలుగా విడదీశారు: నేల అడుగు తీగల జాడ పట్టడం ఒకటి, హెచ్చరిక బోర్డులు, దీపాలు, కంచె పెట్టడం ఒకటి, తవ్వడం ఒకటి, మట్టి పొరలుగా పూడ్చి దిమ్మిస చేయడం ఒకటి, వేడి తారుతో పై పొర వేయడం ఇంకొకటి. ఎవరికి ఏది వచ్చో అదే కార్డు మీద పడుతుంది. కార్డు ఐదేళ్లే చెల్లుతుంది, తర్వాత మళ్లీ పరీక్ష. కార్డుదారుల పేర్లన్నీ ఒకే రిజిస్టరులో ఉంటాయి. బోర్డులు, కంచెల గురించి ‘రెడ్ బుక్’ అని పిలుచుకునే బొమ్మల పుస్తకం ఉంది. 2013లో వచ్చిన ఆ ప్రతిని ఇంగ్లండులో 2014 అక్టోబరు నుంచి రోడ్ల అధికార సంస్థలు కూడా తప్పక పాటించాలన్నారు. మన ఎస్‌పీ 55 ఇంజినీరు బీరువాలో ఉంటే, వాళ్ల పుస్తకం వ్యాను డాష్‌బోర్డు మీద పడి ఉండే సైజులో అచ్చయింది. ఆ తేడా చిన్నదేమీ కాదు.

అలాగని అక్కడంతా సవ్యమే అనుకోనక్కర్లేదు. 67వ సెక్షన్ పట్టుకున్నది వీధులు తవ్వే సంస్థలను. ఇంగ్లండులో రోడ్డు సొంతదారులైన కౌన్సిళ్లు తమ సొంత రోడ్డు పని చేసుకునేటప్పుడు ఆ సెక్షన్ అదే తీరున వర్తించదు. చాలా కౌన్సిళ్లు తమంతట తాము పాటిస్తాయి, అది వేరే సంగతి. ఒక్కరికి కార్డుంటే చాలన్న నియమంలో మిగతావాళ్లు ఏమీ నేర్చుకోకుండా గడిపేసే సందు కూడా ఉంది.

జర్మనీ దారి వేరు. అక్కడ రోడ్డు కార్మికుడు అన్నది మూడేళ్ల శిక్షణతో వచ్చే వృత్తి. కుర్రాడు కంపెనీలో చేరి జీతం తీసుకుంటూనే కొంతకాలం సైటులో, కొంతకాలం వృత్తి పాఠశాలలో, కొంతకాలం ఉమ్మడి శిక్షణ కేంద్రంలో గడుపుతాడు. చివర పరీక్ష ఉంటుంది. ‘నేను రోడ్లు వేస్తాను’ అని పెళ్లిచూపుల్లో ధైర్యంగా చెప్పుకునే ఉద్యోగం అది. మన గుంపు బడికి అది దూరపు చుట్టమే: పనిలోనే చదువు. కాకపోతే అక్కడ అడ్వాన్సు అప్పు బదులు జీతం, మేస్త్రీ మాట బదులు పట్టా.

మనకు దగ్గరి పాఠం కేరళలో ఉంది. కోళికోడ్ జిల్లా వటకర దగ్గర 1925లో పుట్టిన ఊరాళుంగల్ కార్మిక సహకార సంఘం కార్మికులే సభ్యులుగా రోడ్లు, వంతెనలు కడుతూ నూరేళ్లు పూర్తి చేసుకుంది. కొల్లం జిల్లా చవరలోని నిర్మాణ రంగ శిక్షణ సంస్థను నడిపే బాధ్యతనూ చూస్తోంది. పనిచేసేవాడే సంఘంలో భాగస్వామి అయినప్పుడు అతనికి నేర్పిన విద్య బయటికి పోదు. అందుకే నేర్పడానికి ఖర్చు పెట్టే ధైర్యం వస్తుంది. వచ్చే నెల ఎక్కడుంటాడో తెలియని మనిషి మీద మన సబ్ కాంట్రాక్టరు రూపాయి పెట్టకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది.

ఎదురు వాదనలు

కార్డు తప్పనిసరి చేస్తే చదువురాని కూలీ పొట్ట కొట్టినట్టవుతుందని ఒక మాట. నిజంగా ఆలోచించాల్సిన మాట. పరీక్ష కాగితం మీద పెడితే అదే జరుగుతుంది. పరీక్ష సైటులో, నోటిమాటగా, చేతితో పెడితే జరగదు. మాల్ చూపించి ‘ఇది ఏమైంది?’ అని అడిగితే మన పళ్ల పార మనిషి చాలామంది కుర్ర ఇంజినీర్లకంటే ముందు చెబుతాడు.

రెండో మాట దొంగ సర్టిఫికెట్లది. డ్రైవింగ్ లైసెన్సే ఎలా వస్తుందో తెలిసిన జనానికి ఈ అనుమానం సహజం. దీనికి మందు పరీక్షలో కంటే తనిఖీలో ఉంది. 2000 డిసెంబరు 25న మొదలైన గ్రామ సడక్ యోజనలో మూడంచెల నాణ్యత తనిఖీ పద్ధతి ఇప్పటికే ఉంది: పని చేయించే విభాగం, రాష్ట్ర పరిశీలకులు, జాతీయ పరిశీలకులు. గొయ్యి తీసి పొర మందం కొలిచే పరిశీలకుడు, అక్కడున్న జెండా మనిషిని పిలిచి ‘బోర్డు ఎంత ముందు పెట్టాలి?’ అని అడిగితే చాలు, కార్డు అసలుదో నకిలీదో తేలిపోతుంది.

మూడోది ఖర్చు. చిన్న కాంట్రాక్టరు మోయలేడంటారు. నిజమే, అతని జేబు నుంచి పెట్టమంటే మోయలేడు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది కూడా అక్కడే ఉంది.

అర్హత పని చోట, ఆ గంటలో

మనం ఇన్నాళ్లూ శిక్షణను సంక్షేమ పథకంలా చూశాం. ఎవరో ఇవ్వాలి, ఎవరో తీసుకోవాలి, ఫొటో దిగాలి. దాన్ని పనిలో భాగంగా, బిల్లులో ఒక ఐటమ్‌గా చూసిన రోజు కథ మారుతుంది. కంకర క్యూబిక్ మీటరుకు ఇంత, తారు టన్నుకు ఇంత అని రాసినట్టే, శిక్షణ పొందిన జెండా మనిషి షిఫ్టుకు ఇంత, శిక్షణ పొందిన తారు మేస్త్రీ రాత్రికి ఇంత అని అంచనాలోనే రాయాలి. ఉంటే బిల్లు, లేకపోతే కోత. అప్పుడు కార్డున్న మనిషి కోసం కాంట్రాక్టరే వెతుక్కుంటాడు. కార్డుకు కూలి తేడా వస్తుంది. శిక్షణ కేంద్రాల ముందు వరుస దానంతట అదే కడుతుంది.

అన్ని పనులకూ ఒక్కసారే పెట్టనక్కర్లేదు. కంటికి ఆననివని చెప్పుకున్న ఆ మూడింటితో మొదలుపెడితే చాలు. వేడి చూసేవాడు ఒకడు, బళ్లను చూసేవాడు ఒకడు, నేల అడుగు చూసేవాడు ఒకడు. ఒక చోట ఆ మూడింటిలో ఏ పని జరుగుతుంటే, జరుగుతున్నంతసేపూ దాన్ని తెలిసిన మనిషి ఒక్కడైనా అక్కడ ఉండి తీరాలి. వేడి చూసేవాడి చేతికి థర్మామీటరు ఇవ్వాలి, దాంతోపాటు చల్లారిన టిప్పరును తిప్పి పంపే హక్కూ ఇవ్వాలి. హక్కు లేని అర్హత గోడకు తగిలించిన ఫ్రేములాంటిది. పరీక్ష తెలుగులోనూ, హిందీ, ఒడియాల్లోనూ జరగాలి. ఒక రాష్ట్రంలో ఇచ్చిన కార్డు ఇంకో రాష్ట్రంలో చెల్లాలి, ఎందుకంటే ఈ పనివాడి ఇల్లు రోడ్డే. సెస్సు డబ్బులో కొంత ఆ రెండు రోజుల కూలి కింద ఇస్తే అది దానం కాదు, అతని చెమట మీద వసూలైనదాన్ని అతనికే ఇవ్వడం.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి నగరాలే తగిన చోటు. హైదరాబాద్‌లో 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఒకసారి ఐదేళ్లకు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. అలాంటి పొడుగు కాంట్రాక్టులో పాడైన రోడ్డును బాగుచేయాల్సింది వేసినవాడే కాబట్టి, ముఠాకు నేర్పించడం అతనికే లాభం. ఆరు నెలల పనిలో ఈ లెక్క కుదరదు. రోడ్డు వేయడంతోపాటు ఐదేళ్లు నిర్వహించాలన్న నియమం గ్రామీణ రోడ్లకూ ఉంది. శిక్షణ షరతు చేర్చడానికి అంతకంటే అనువైన తలుపు ఉండదు.

ఆఖరున ఒక చిన్న పుస్తకం సంగతి. రోడ్డు పని ముగిశాక ఏఈ ఎంబీ రాస్తారు. మెజర్‌మెంట్ బుక్. పొడవు, వెడల్పు, మందం, పరిమాణం, ఒక్కో గడిలో ఒక్కో అంకె. ఆ అంకెల మీదే బిల్లు నడుస్తుంది, కోట్లు చేతులు మారతాయి. ఆ రాత్రి చల్లారిన మాల్‌ను చూసి ‘ఇది పనికిరాదు’ అన్నదెవరో, ఆ మాట విన్నారో లేదో రాయడానికి అందులో గడి లేదు. ఇంకొక్క గడి గీయడానికి ఒక స్కేలు, ఒక పెన్ను చాలు.